గోదావరక్క ఎండతోని పొయ్యి అంటుపెట్టిన నాడు

దాజీపేట్ల గోదావరక్క ఇల్లు ఏదని ఎవరినన్న అడిగితే, ఇల్లు చూపెట్టే ముందు ఒకసారి నవ్వుతరు. "ఏం పని పడ్డది ఆమెతోని?" అంటరు. పనేందో చెప్పితె, "సరే పో. గని ఆమె వద్దన్నదంటే మల్ల అడగకు" అని చెప్పి గల్లీ చూపెడ్తరు.

యాభై మూడేండ్ల మనిషి. పొట్టిగుంటది గని జోరుగ నడుస్తది. ఏదన్న చూడాల్నంటే కుడికన్ను చిన్నగ చేసి చూస్తది. కొత్తోళ్లు అది గీర అనుకుంటరు. గీర కాదు, పని అలవాటు. టవల్ కార్ఖానల చెకింగ్ టేబుల్ కాడ ఇరువై రెండేండ్ల సంది నిలబడి పని చేస్తున్నది. మగ్గం మీదికెల్లి దిగిన టవల్ తెచ్చి ఆమె ముంగట పరుస్తరు. దాని మీద భింగ్ పెట్టి, ఒక ఇంచుల ఎన్ని పోగులు పడ్డయో ఆమె లెక్క పెడ్తది. భింగ్ అంటే మరాఠీల భూతద్దం. ఇది ఇత్తడిది, చిన్నది, మూడు మడతలుగ మలిచి అంగి జేబుల ఏసుకోవచ్చు. మడత ఇప్పితె చిన్న పీట లెక్క నిలబడ్తది. పైన గుండ్రటి అద్దం, కింద చదరంగ కిటికీ. కిటికీల కనబడే పోగులు లెక్కపెట్టుడే. పోగులు తక్కువ పడితె టవల్ పక్కకు.

ఆ భింగ్ కార్ఖానది కాదు, ఆమె సొంతం. పాత చెకర్ ఒకాయన పని బంద్ చేసి పోయేటప్పుడు, "నీ కన్ను బాగున్నది బిడ్డా, ఉంచుకో" అని ఇచ్చిపోయిండు. గప్పటికెల్లి అది ఆమె బొడ్ల చెక్కుకునే చిన్న గుడ్డతిత్తి, చంచి, ఇడిసి పోలె. కార్ఖానకు సుట్టీ ఉన్నా సరే, పెండ్లికి పోయినా సరే, చంచిల వక్కల పక్కన భింగ్ ఉండాల్సిందే.

పుట్టింది భవానిపేట్ల. తండ్రి సిరిసిల్ల దిక్కుకెల్లి ఈ మరాఠోళ్ల ఊరికి వచ్చి చేతిమగ్గం మీద చీరలు నేసినోడు. ఈమె అయిదో తరగతి సగం దాక బడికి పోయి, ఇంట్ల కండెలు చుట్టే చెయ్యి తక్కువ పడ్డదని బంద్ చేసింది. చదువు తక్కువ గని మొండితనానికి తక్కువ లేదు. ఒకసారి సూపర్‌వైజర్ పోగులు తక్కువ పడ్డ మాలు తెచ్చి, "అర్జెంట్ ఉన్నది, పాస్ ముద్ర కొట్టు" అన్నడట. ఈమె ముద్ర అతని చేతిల పెట్టింది. "నీకు అర్జెంట్ ఉన్నది గద, నువ్వే కొట్టు. కింద నీ పేరు రాయి" అన్నది. ఆయన కొట్టలె.

ఇంకొక సంగతి సుత చెప్పాలె, ముందటికి అక్కెర పడ్తది. పదేండ్ల కింద ఒకనాడు ఎండకాలం, కిటికీ పక్క టేబుల్ మీద భింగ్ ఇప్పి పెట్టి నీళ్లు తాగ పోయింది. వచ్చేవరకు టవల్ మీదికెల్లి సన్నటి పొగ. ఎండ కిటికీలకెల్లి వచ్చి, అద్దంలకెల్లి దిగి, టవల్‌కు మిరియపు గింజంత బొక్క పెట్టింది. సూపర్‌వైజర్‌కు పాత పగ ఉండె గద, రెండు రోజులు పనికి రావద్దన్నడు. ఈమె ఇంటికి పోయి, రెండు రోజులు మిరపకాయలు ఎండబెట్టి కారం కొట్టుకొని మల్ల పోయింది.

ఇగ అసలు సంగతి.

దాజీపేట్ల ఆమె వాడోళ్లకు ఏటా మాఘమాసంల ఒకరోజు వంటలకు పోవుడు ఉన్నది. ఊరవతల ఎవరి చేన్లనో చెట్టు చూసుకొని, అక్కడనే వండుకొని, తిని, మాపటీలి వచ్చుడు. పేరుకు అందరు పోతరు. పని మాత్రం ఇట్ల ఉంటది. మొగోళ్లు ముందుగాల దిగి జాగ చూస్తరు. మూడు రాళ్లు పెడ్తరు. అగ్గిపుల్ల గీసి పొయ్యి అంటుపెడ్తరు. "ఇగ కానియ్యున్రి" అని చెట్టు కిందికి పోయి పేకపత్తాలు పంచుకుంటరు. మిగిలిందంత ఆడోళ్లది. గని మాటకు ఎవరన్న అడిగితే "మేమే వంటలకు తోల్కపోయినం" అంటరు మొగోళ్లు. ఆ ఒక్క పుల్ల గీసినందుకు.

పోయినేడు పత్తాల కాడ తాగి లొల్లయింది. ఒకల అంగి ఒకలు చింపుకున్నరు. అందుకని ఈ యేడు వాడ రచ్చకట్ట మీద కూసున్న సిద్ధరాములు, "ఈసారి వంటలు వద్దు" అన్నడు. సిద్ధరాములు గోదావరి పెనిమిటి పెంటప్పకు దోస్తు, వాడకు పెద్దమనిషి లెక్క. నల్ల కాడ బిందె నింపుకుంటున్న గోదావరి ఈ మాట ఇన్నది.

"లొల్లి మీది గద అన్నా," అన్నది. "వంటలు ఎందుకు బంద్? మేం పోతం."

"మేం అంటె?"

"ఆడోళ్లం."

"ఎవరు తోల్కపోతరు చెల్లె?"

"టెంపో తోల్కపోతది."

కట్ట మీద అందరు నవ్విన్రు. పెంటప్ప సుత నవ్విండు. ఆయన ముప్పై యేండ్లు మగ్గాల షెడ్డుల పని చేసి, చెవు కొంచెం మందమై, ఇప్పుడు ఇంట్లనే ఉంటుండు. మంచోడే. గని పెండ్లాం మీద నలుగురిల ఒక మాట అంటె ఆయనకు కడుపు నిండుతది.

"పొయ్యి ఎవరు అంటుపెడ్తరే?" అన్నడు.

"ఇంట్ల రోజు ఎవరు పెడ్తున్నరు? మీ అయ్య వచ్చి పెడ్తుండా?"

"ఇంట్ల గ్యాసు. చిన్న పోరి సుత అంటుపెడ్తది. చేన్ల గాలి ఉంటది, కట్టెలు ఉంటయి. పన్నెండు కొట్టంగనే ఫోన్ వస్తది సూడున్రి. 'ఏమయ్యా, జర వచ్చిపో' అని."

మల్ల నవ్విన్రు. గోదావరి బిందె కింద పెట్టింది. టవల్ చూసేటట్టు కుడికన్ను చిన్నగ చేసింది.

"ఇనున్రి," అన్నది. "ఫోన్ వస్తె, లేకపోతె ఒక్క మొగోని చెయ్యి మా పొయ్యికి తగిలితె, ఇగ నేను సచ్చేదాక వంటల మాట ఎత్త. ఈ వాడల ఏ ఆడిది ఎత్తదు. రాలేదనుకో, ఏటా మాఘంల ఆ ఒక్క రోజు మాది. మేం పోతం. మీరు ఇండ్లల్ల వండుకొని తింటరు. ఒప్పుకుంటరా?"

"ఒప్పుకున్నం పో," అన్నడు సిద్ధరాములు. ఆయనకు ఇది ఆట లెక్క ఉండె.

గోదావరికి ఆట కాదు. అది ఎవరికి చెప్పలె గని కోడలు సారికకు తెలుసు. తుల్జాపూర్ పోయింది, అక్కల్‌కోట పోయింది, పండరిపురం పోయింది. ఎక్కడికి పోయినా ముంగట పెంటప్ప చెప్పులు, ఎనుక ఈమె. టికెట్టు ఆయన చేతిల, టైము ఆయన చేతిల. యాభై మూడేండ్లల ఒక్కరోజు సుత తన ఇష్టంకొద్ది తను ఎక్కడన్న చెట్టు కింద కూసోలె. ఆ ఒక్కరోజు కోసం ఆమె కొట్లాట.

పదకొండు మంది ఆడోళ్లు తయారైన్రు. టెంపో పొద్దుగాల ఏడుకు వచ్చింది. హోట్గి రోడ్ కాలనీలు దాటి, డాంబర్ రోడ్డు ఇడిసి మట్టిబాటల పడి, ఒక ఎండిపోయిన వాగు పక్కన దింపింది. చెకింగ్ టేబుల్ కాడ గోదావరితోని పని చేసే ఒకామె చేను అది. జొన్న కోసిన్రు, మోళ్లు ఉన్నయి. మధ్యల ఒక పెద్ద యాపచెట్టు. గుడిసెకు తాళం, చేనోళ్లు పెండ్లికి ఊరికి పోయిన్రు. డ్రైవర్ అయిదింటికి వస్తనని పోయిండు.

చాపలు పరిచిన్రు. ఇంటికాన్నుంచి తెచ్చిన కడక్ భాకరీ, గదే కరకరలాడే జొన్నరొట్టె, పల్లీల శేంగ చట్నీ తిన్నరు. ఒకామె నీళ్లు ఒంపుతది, ఒకామె వంకాయలు కోస్తది, ఇద్దరు కోళ్లను కడుగుతున్నరు. గోదావరి మూడు రాళ్లు తెచ్చి, చుట్టు జొన్న మోళ్లు పీకి, నేల సాఫ్ చేసి, తుమ్మ కట్టెలు పేర్చింది. పనంత అయినంక అగరుబత్తీల సంచిల చెయ్యి పెట్టింది.

అగరుబత్తీలున్నయి. పసుపు, కుంకుమ, టెంకాయ ఉన్నయి. అగ్గిపెట్టె లేదు.

సంచి బోర్లించింది. లేదు. "రాత్రి నేనే పెట్టిన," అన్నది.

"నా దగ్గరున్నది," అని ఒకామె సంచిలకెల్లి గ్యాసు లైటర్ తీసింది. ఇంకొకామె సుత తీసింది. చూస్తె పదకొండు మందిల తొమ్మిది మంది లైటర్లు తెచ్చిన్రు. అందరు గ్యాసు పొయ్యికి అలవాటు పడ్డోళ్లాయె, పొయ్యి అనంగనే చెయ్యి లైటర్ మీదికే పోయింది. టక్ టక్ అని తొమ్మిది లైటర్లు కొట్టిన్రు. గడ్డికి కొట్టిన్రు, నూనె గుడ్డకు కొట్టిన్రు. నీలం మెరుపు వస్తది, పోతది. గ్యాసు లేంది అది దేన్ని అంటుపెడ్తది?

పక్కింటి శాంత నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డది. ఆమె గోదావరికన్న పెద్దది, బీడీలు చుడ్తది. "ముప్పై యేండ్ల సంది రోజు వెయ్యి బీడీలు చుడ్తున్న," అన్నది. "నా బీడీల కోసం ఊరంత అగ్గిపెట్టెలు జేబుల పెట్టుకొని తిరుగుతది. నా కాడ ఒక్క పుల్ల లేదు. చూడు నా బతుకు."

అందరు నవ్విన్రు గని నవ్వు తొందర్ననే ఆగింది. పదిన్నర కావొస్తున్నది. కోడి కోసున్నది, బియ్యం నానుతున్నయి.

సారిక ఫోన్ పట్టుకొని మెల్లగ వచ్చింది. "అత్తమ్మా, మామకు ఒక మిస్ కాల్ కొడ్తె..."

"ఇటు తే ఫోన్."

సారిక ఇచ్చింది. గోదావరి భాకరీ తెచ్చిన స్టీల్ డబ్బా ఖాళీ చేసి ఫోన్ అండ్ల ఏసింది. "అందరియి ఏయున్రి," అన్నది. ఒకలొకలు తెచ్చి ఏసిన్రు. శాంత కొంచెం గునిగి ఏసింది. గోదావరి మూత బిగ్గర పెట్టి డబ్బా చెట్టు మొదట్ల పెట్టింది.

"ఇప్పుడేం చేద్దమే?" అన్నది శాంత. "పచ్చి కోడి తిందమా?"

గోదావరి పైకి చూసింది. మాఘమాసం ఎండ, మొయిలు అక్కడక్కడ తెల్లగ. బొడ్ల చంచి తీసి, అండ్లకెల్లి భింగ్ తీసింది.

"ఇదేం చేస్తది?" అన్నది శాంత.

"నాకు రెండు రోజుల పని పోగొట్టింది ఇదే. ఈరోజు నా బాకీ తీరుస్తది," అన్నది గోదావరి.

నేత ఇంట్ల పుట్టినోళ్లకు చిన్నప్పటికెల్లి ఒకటే భయం నేర్పుతరు, మగ్గాల కింద పడే దూది పింజ. ఒక్క రవ్వ సాలు, షెడ్డంత మండుతదని. అందుకని గోదావరి మనసుల మండేది అంటె దూదే. గిన్నెలు తుడువ తెచ్చిన నూలు చిండి, గదే గుడ్డ పేలిక, ఉండె, తెల్లది. దాన్ని చేతులతోని పీకి మెత్తగ పింజ చేసింది. యాపచెట్టు నీడ దాటి ఎండల కూసొని, పింజ రాయి మీద పెట్టి, భింగ్ మడత ఇప్పి, ఎండ దిక్కు వంచి పట్టింది. తెల్లటి చుక్క పడ్డది. ముందుగాల పావలాంత, తర్వాత శెనగంత. భింగ్ జర కిందికి పైకి చేసింది. ఆవగింజంత అయ్యింది. అది చూస్తె కన్ను గుంజుతది, గంత మెరుపు.

అందరు చుట్టు కూసున్నరు. చూసిన్రు. చూసిన్రు.

ఏం కాలె.

భింగ్ అటు తిప్పింది, ఇటు తిప్పింది. పింజ మార్చింది. పదకొండయ్యింది. ఒకలొకలు లేసి నీడకు పోయిన్రు. శాంత మాత్రం అక్కడనే కూసొని తన బీడీల చాట ముంగటేసుకొని ఆకు కత్తిరిస్తున్నది. ఎక్కడికి పోయినా ఆమె చాట ఆమె ఎంబడే.

"గోదావరీ, నీ భింగ్ల వచ్చేది ఎండ కాదే, వెన్నెల. చల్లగున్నది."

"నోరు మూసుకో అక్కా."

"మూసుకుంట. ఆకలైతె మల్ల తెరుస్త."

గోదావరి భింగ్ చెయ్యి మార్చింది. మెడల చెమట. పింజ మీద చుక్క మెరుస్తున్నది గని గోధుమ రంగన్న రాలె. ఎందుకు అంటుకోదు? టవల్ అంటుకున్నది గద. గదే ఎండ, గదే అద్దం, గదే నూలు. పదేండ్ల సంది ఆ కిటికీ కాడనే పని చేస్తున్నది. ఎగుమతి తెల్ల టవళ్లు గుట్టలు గుట్టలు ఆ టేబుల్ మీద పడి ఉంటయి. భింగ్ ఎన్నిసార్లు మర్చిపోయిందో వాటి మీద. ఒక్కటన్న కాలలె. కాలింది...

కాలింది నేవీ బ్లూ టవల్.

భింగ్ మూసింది. "నల్లది," అన్నది. "నల్ల నూలు గుడ్డ కావాలె. తెల్లది ఎండను తిప్పి కొడ్తున్నది. నల్లది తాగుతది."

ఇగ చూడున్రి, పదకొండు మంది ఆడోళ్లు ఒకల బట్టలు ఒకలు పట్టి చూసుడు మొదలుపెట్టిన్రు. చెకింగ్ చేసిన చేతులాయె, గోదావరి ఇట్ల వేళ్లతోని నలిపి చెప్పుతది. సారిక నల్ల ఓణీ పట్టి, "పాలిస్టర్. అంటుకోదు, కారుతది" అన్నది. ఇంకొకామె జాకెట్ పట్టి, "మిక్స్" అన్నది. ఒకామె నెత్తి రిబ్బన్ ఇచ్చింది, "నైలాన్, దాచిపెట్టుకో" అన్నది. టవళ్లు నేసే పేట్ల ఉండుకుంట ఒక్కల ఒంటి మీద అసలు నూలు లేదు.

శాంత ఆకు కత్తిరిచ్చుడు ఆపింది. అటు ఇటు చూసింది. "ఉన్నది ఒకటి," అన్నది మెల్లగ.

"ఏది?"

"నా లంగ. నల్లది. పాతది, మా అమ్మ ఇచ్చినప్పటిది. అసలు నూలు."

అందరు నవ్విన నవ్వుకు చెట్టు మీది కాకులు లేసిపోయినయి.

"నవ్వుతె ఇయ్య," అన్నది శాంత. గని అప్పటికే చీర కుచ్చిళ్లు ఎత్తి, ఆకు కత్తిరిచ్చే కత్తెరతోని లంగ అంచు అరచెయ్యంత కోసింది. "మొగోళ్లుంటె ఇది అయ్యేదా? అందుకే రావద్దన్నం వాళ్లను," అన్నది.

గోదావరి గుడ్డను నలిపింది. కండ్లు మూసుకొని సుత చెప్పుతది, అసలు నూలు. టెంకాయ మీది పీచు పీకి, రెండు చేతుల మధ్య రుద్ది, పిట్టగూడు లెక్క చేసింది. దాంట్ల శాంత చాటలకెల్లి ఎండిన ఆకు ముక్కలు చల్లింది. నల్ల గుడ్డ మడత రాయి మీద పెట్టి, మల్ల భింగ్ ఇప్పి కూసున్నది.

గప్పుడు బండి సప్పుడు అయ్యింది.

మట్టిబాట మీద మోటార్ సైకిల్. సిద్ధరాములు నడుపుతున్నడు, ఎనుక పెంటప్ప. పన్నెండింటికి పది నిమిషాలు తక్కువ. చెట్టు కాడ దిగిన్రు. పెంటప్ప అంగి జేబులకెల్లి అగ్గిపెట్టె తీసి, చెవు కాడ పెట్టుకొని గలగల ఊపిండు.

"ఏమే గోదావరీ, ఇది యాది మర్చినట్టున్నవ్."

గోదావరి తల ఎత్తలె. చుక్కను నల్ల గుడ్డ మీద నిలబెట్టింది. "మర్వలె. రాత్రి సంచిల పెట్టిన. నువ్వు తీసినవ్."

"పొద్దుగాల బీడీకి తీసిన. మల్ల పెడ్దామనుకున్న."

"మల్ల పెట్టలె."

"యాదికి రాలె," అన్నడు పెంటప్ప. నిజమో అబద్ధమో ఆయనకే తెల్వాలె. "ఇప్పుడు తెచ్చిన గద, తీస్కో. మొండితనం చెయ్యకు. అందరు ఆకలికున్నట్టున్నరు."

సారిక అత్త దిక్కు చూసింది. నీడల కూసున్న ఇద్దరు ముగ్గురు లేసి నిలబడ్డరు. ఒకామె గొణిగింది, "తీసుకుంటె ఏమైతదక్కా, మనం పిలువలె గద, వాళ్లే వచ్చిన్రు." ఆ మాట గోదావరికి ముల్లు లెక్క తాకింది. తీసుకుంటె ఏమైతది? కోడికూర అయితది. రాత్రి కట్ట మీద కథ అయితది. వచ్చే మాఘంల మల్ల పెంటప్ప చెప్పుల ఎనుక నడుసుడైతది.

పెంటప్ప దగ్గరికి వచ్చి, "ఏం చేస్తున్నవే అసలు?" అని వంగి చూసిండు.

చుక్క మాయమైంది. ఆయన నీడ గుడ్డ మీద పడ్డది.

"పక్కకు జరుగు," అన్నది గోదావరి.

"అగ్గిపెట్టె..."

"జరుగయ్యా. ఎండకు అడ్డమున్నవ్."

గంత నిమ్మలంగ అన్నది, అరవలె. పెంటప్ప రెండడుగులు ఎనుకకు పోయిండు. ముప్పై అయిదేండ్ల కాపురంల పెండ్లాం అట్ల అనుడు, ఆయన అట్ల జరుగుడు సిద్ధరాములు ఎన్నడు చూడలె.

చుక్క మల్ల పడ్డది. గోదావరి ఊపిరి సుత చిన్నగ తీసుకుంటున్నది. టేబుల్ కాడ పోగులు లెక్కపెట్టేటప్పుడు ఎట్లనో అట్ల. చెయ్యి కదిలితె లెక్క తప్పుతది. ఒక మొయిలు వచ్చి ఎండను కప్పింది. అందరు పైకి చూసిన్రు. గోదావరి చూడలె, చెయ్యి తియ్యలె. మొయిలు పోయింది. చుక్క వచ్చింది.

నల్ల గుడ్డ మీద చుక్క చుట్టు బూడిద రంగు తిరిగింది. దారమంత పొగ లేసింది.

"అక్కా," అన్నది గోదావరి, "పీచు పట్టు."

శాంత పీచు గూడు అందిచ్చింది. పొగ మందమైంది. గుడ్డ అంచు ఎర్రగ కొరుకుతున్నది. గోదావరి భింగ్ ఇడిసి, గుడ్డను పీచుల పెట్టి, గూడు మూసి, మొహం కాడికి ఎత్తి ఊదింది. మెల్లగ, ఆగకుంట. పొగ కండ్లల్లకు పోయింది, నీళ్లు కారుతున్నయి, అయినా ఊదుతనే ఉన్నది. శాంత ఇంకో దిక్కుకెల్లి ఊదింది. "ఆకు అంటుకున్నది, ఆకు అంటుకున్నది," అని సారిక అన్నది.

భగ్గున లేసింది. గోదావరి కొంగు తప్పిచ్చుకొని, మండే గూడును మూడు రాళ్ల మధ్య కట్టెల కింద పెట్టింది. పదకొండు మంది వంగి పుల్లలు ఏసుడు మొదలుపెట్టిన్రు. తుమ్మ కట్టె చిటపట అని పట్టుకున్నది.

గప్పుడు గోదావరి లేసి నిలబడి, మోకాళ్ల మట్టి దులుపుకొని, సిద్ధరాములు దిక్కు తిరిగింది.

"అన్నా, నువ్వు పెద్దమనిషివి. చెప్పు. ఫోన్ వచ్చిందా?"

సిద్ధరాములు పొయ్యిని చూసిండు. రాయి మీద భింగ్‌ను చూసిండు. "రాలె," అన్నడు.

"మొగోని చెయ్యి తగిలిందా?"

"తగల్లె."

"నీడ తగిలింది," అన్నది శాంత, "గని అది లెక్కల రాదు."

పెంటప్ప నవ్వుదామని చూసిండు. చేతిల అగ్గిపెట్టెను ఏం చెయ్యాల్నో తెల్వలె. మసాలా వాసన, ఆకలి. చాప అంచుకు కూసుందామన్నట్టు ఒక అడుగు ఏసిండు. "మంచిగనే చేసినవ్ పో," అన్నడు. "ఇగ కోడి ఎంతసేపయితది?"

"మాకు గంట. నీకు ఇంటికి పోయి వండుకునేవరకు రెండు గంటలు."

"ఏంది?"

"మాట యాది లేదా? ఆ ఒక్క రోజు మాది, మీరు ఇండ్లల్ల వండుకుంటరు. అన్న ఒప్పుకున్నడు, కట్ట మీద నలుగురు ఇన్నరు."

"కూసోనియ్యవా? ఇంత దూరం వచ్చినంక?"

"పిలిస్తె వచ్చినవా?"

పెంటప్ప సిద్ధరాములును చూసిండు. సిద్ధరాములు బండి తాళం తీసి, "నడువు పెంటప్ప," అన్నడు. పెంటప్ప అగ్గిపెట్టెను చాప మీద పెట్టపోయిండు.

గోదావరి దాన్ని తీసి, మల్ల ఆయన అంగి జేబుల పెట్టి, జేబు మీద తట్టింది. తట్టుడుల కోపం లేదు. "తీస్కపో. నీకు అక్కెర పడ్తది," అన్నది. "ఇంటి లైటర్ నేను తెచ్చిన. శాంతక్క ఇంటిది ఆమె తెచ్చింది. తొమ్మిది ఇండ్ల లైటర్లు ఈడనే ఉన్నయి. ఇగ మీకు ఈ పెట్టెనే దిక్కు. పుల్లలు సూసి వాడుకోన్రి."

బండి పోయింది. శాంత చాలసేపు కడుపు పట్టుకొని నవ్వి, కోసిన లంగ అంచు చూసుకొని, "ఇది ఎవరు కుట్టిస్తరే?" అన్నది.

"నేనే కుట్టిస్త. అసలు నూలుతోని."

కోడి ఉడుకుతున్నది. అన్నం వార్చిన్రు. గోదావరి యాపచెట్టుకు ఒరిగి కూసున్నది. భింగ్ అద్దం మీది మసిని కొంగుతోని తుడిచి, మడిచి, చంచిల పెట్టుకున్నది. కాళ్లు చాపింది. ఎవరి టైము లేదు, ఎవరి చెప్పులు ముంగట లేవు. మోళ్ల మీద ఎండ, వాగు దిక్కుకెల్లి గాలి.

ఒంటిగంట అయినట్టుంది, చెట్టు మొదట్ల స్టీల్ డబ్బా గరగర మోగింది. ఆగింది. మల్ల మోగింది, ఈసారి రెండు పాటలు ఒక్కసారే. తర్వాత మూడు. సారిక ఉరికి మూత తీసి చూసింది.

"అత్తమ్మా, మామ. ఇంకా శాంతమ్మ ఇంటాయన. ఇంకా ఇద్దరు."

"ఏమంటున్నరు?"

సారిక ఎత్తింది, ఇన్నది, చెయ్యి అడ్డం పెట్టుకొని చెప్పింది. "ఉప్పు డబ్బా ఏడున్నదని అడుగుతుండు."

గోదావరి కూర గంజు మూత ఎత్తి, ఒక ముక్క ఒత్తి చూసింది. ఇంకా జర ఉడకాలె.

"తిన్నంక చెప్పుత అను," అన్నది. "ఫోన్ల డబ్బా మూత పెట్టు."